చేతి గడియారముల సేకరణము

మన చంద్రపూరులోని తెలుగువారి యిండ్లలో పెక్కింటి బీరువాలు తెరచి చూచినచో, పాత పట్టుబట్టల అడుగుననో, బ్యాంకు పుస్తకముల ప్రక్కనో, నిలిచిపోయిన చేతి గడియారమొకటి కనిపించుట కద్దు. దాని పట్టీ ఎండి పెళుసై యుండును. అద్దముపై గీతలు పడియుండును. ముండ్లు ఏ పదింబావు కడనో, ఏ మూడున్నర కడనో ఏండ్ల తరబడి కదలక నిలిచియుండును. “అది మీ తాతగారిది” అని చెప్పి, ఇల్లాలు దానిని మరల ఆ బట్టల క్రిందనే దాచును.

తెలంగాణ జిల్లాలనుండి బొగ్గు గనులకును, బల్లార్‌పూరు కాగితపు మిల్లునకును, రైల్వే కొలువులకును ఈ చాందా సీమకు వచ్చి స్థిరపడిన మన పెద్దలకు సైకిలు, రేడియో, చేతి గడియారము అను మూడును గొప్ప ఆస్తులుగ నుండెను. తెల్లవారక మునుపే లేచి, అన్నపు డబ్బా కట్టుకొని షిఫ్టునకు పోవు మనిషికి గడియారము అలంకారము కాదు. అన్నము పెట్టు పనిముట్టు.

ఆ పనిముట్టునే నేడు లోకమున పెక్కుమంది మిక్కిలి మక్కువతో సేకరించుచున్నారు. తపాలా బిళ్ళల సేకరణమును, పాత నాణెముల సేకరణమును మన విద్యార్థులెరుగుదురు. చేతి గడియారముల సేకరణమును గూర్చి ఎరిగినవారు తక్కువ. ఎరిగినవారును అది కోటీశ్వరుల వినోదమని తలతురు. ఆ తలంపు సగము నిజము, సగము పొరపాటు. గడియారమునకు విలువ దేనివలన కలుగును, అది లోపల ఎట్లు నడచును, మనవంటివారు ఈ అభిరుచిని ఎట్లు అలవరచుకొనవచ్చును అను విషయములను ఈ వ్యాసమున వివరించెదను.

కోట్లు పలుకు గడియారములు

మొదట ఐశ్వర్యవంతుల గడియారముల సంగతి చూతము. స్విట్జర్లాండు దేశమున జెనీవా నగరమునందలి వాషెరాన్ కాన్‌స్టాంటిన్ సంస్థ 1755 నాటిది. పటేక్ ఫిలిప్ సంస్థ 1839 నాటిది. రోలెక్స్ సంస్థకు మూలమైన వ్యాపారమును హాన్స్ విల్స్‌డార్ఫ్ అను నాతడు 1905లో లండను నగరమున ప్రారంభించెను. నీరు చొరబడని ‘ఆయిస్టర్’ గడియారమును ఆ సంస్థ 1926లో వెలువరించెను. ఇట్టి సంస్థల గడియారములు క్రొత్తవి లక్షల రూపాయలు పలుకును. అరుదైన వానికి వేలములో పలుకు ధరలు వినిన నమ్మశక్యము కాదు. 2017 అక్టోబరులో న్యూయార్కు నగరమున, అమెరికా సినిమా నటుడు పాల్ న్యూమన్ ధరించిన రోలెక్స్ డేటోనా గడియారము 1 కోటి 77 లక్షల డాలర్లకు పైగా పలికెను. 2019 నవంబరులో జెనీవాలో ధర్మకార్యార్థము జరిగిన వేలములో, పటేక్ ఫిలిప్ సంస్థ ప్రత్యేకముగ ఒక్కటే ప్రతిగా చేసి యిచ్చిన గడియారము 3 కోట్ల 10 లక్షల స్విస్ ఫ్రాంకులకు అమ్ముడుపోయెను.

చిత్రమేమనగా, ఈ రెండు గడియారముల కేసులును బంగారముతో చేసినవి కావు. రెండును ఉక్కువే. కావున విలువ లోహమునందు లేదు.

పోనీ, కాలమును తప్పులేక తెలుపుటవలన ఆ విలువ కలిగినదా? అదియు కాదు. 1969 డిసెంబరు 25వ తేదీన జపాను దేశపు సీకో సంస్థ ‘ఆస్ట్రాన్’ అను క్వార్ట్జ్ చేతి గడియారమును విపణిలో పెట్టెను. ఇది స్ప్రింగుతో కాక బ్యాటరీతో నడచును. నేటి సామాన్య క్వార్ట్జ్ గడియారములోని స్ఫటికము సెకనునకు 32,768 మారులు కంపించును. నెలకు పది, పదిహేను సెకండ్లకు మించి తేడా రాకుండ కాలమును చూపును. మంచి యాంత్రిక గడియారమునకో, ఒక్క దినమునకే కొన్ని సెకండ్ల తేడా సహజము. స్విట్జర్లాండులో ‘క్రోనోమీటర్’ అను యోగ్యతాపత్రము పొందవలెనన్నచో యంత్రమును 15 దినములు, 5 భంగిమలలో, 3 ఉష్ణోగ్రతలలో పరీక్షింతురు. అందు నెగ్గిన యంత్రము సగటున దినమునకు 4 సెకండ్లు వెనుకబడినను, 6 సెకండ్లు ముందునకు పోయినను అంగీకరింతురు. అనగా కొన్ని వందల రూపాయల క్వార్ట్జ్ గడియారము, లక్షల రూపాయల యాంత్రిక గడియారముకంటె సరియైన కాలమును చూపును!

ఈ క్రొత్త యంత్రముల రాకతో స్విట్జర్లాండు గడియారముల పరిశ్రమ కూలిపోవు స్థితికి వచ్చెను. 1970లో సుమారు 90,000గా నుండిన పనివారి సంఖ్య 1980లు ముగియకముందే మూడింట ఒక వంతునకు దిగెను. మన దేశమునందును 1984లో స్థాపింపబడిన టైటాన్ సంస్థ క్వార్ట్జ్ గడియారములను ఇంటింటికి చేర్చెను. నేడు కాలమును తెలిసికొనుటకు ఫోను చాలును. అయినను కీ యిచ్చి నడుపు గడియారమును కొనువారును, బాగుచేయించువారును, దాచుకొనువారును ఉన్నారు. దీనికి కారణము తెలియవలెనన్నచో ఒకమారు ఆ గడియారము మూత తెరచి చూడవలెను.

లోపలి యంత్రము

సామాన్యమైన యాంత్రిక గడియారములో నూటికి పైగా చిన్న భాగములుండును. వాని పని తెలియుటకు మన పల్లెల చెరువును తలచుకొనుడు. చెరువునకు గండి పడినచో నీరంతయు ఒక్కమారే పోవును. తూము ద్వారా విడిచినచో పొలమునకు కావలసినంత నీరే, కావలసిన వేగముతోనే పారును. గడియారమునకు కీ త్రిప్పినపుడు చిన్న డబ్బాలోనున్న సన్నని ఉక్కుపట్టీ చుట్టలు చుట్టుకొనును. అదియే ప్రధానమగు స్ప్రింగు. అది నిండిన చెరువువంటిది. ఆ చుట్ట విప్పుకొనుటకు చూచును; విప్పుకొనుచు పండ్లచక్రములను త్రిప్పును. అడ్డు లేకున్నచో ముండ్లన్నియు గిర్రున తిరిగి స్ప్రింగు క్షణములో వట్టిపోవును. ఆ బలమును కొలిచి కొలిచి విడుచు తూమునే ఎస్కేప్‌మెంటు అందురు. అది ఒక్కొక్క పంటిని ఆపి, ఒక్కొక్క పంటిని విడుచును. మన చెవికి వినబడు టిక్కు టిక్కు మను ధ్వని ఈ తాకిడివలన కలుగునదే.

తూమును ఏ లెక్కన తెరచి మూయవలెనో చెప్పునది బాలెన్స్ చక్రము. తలవెండ్రుక వంటి స్ప్రింగుచే బంధింపబడిన ఈ చక్రము ఇటు నటు ఊగుచుండును. గోడగడియారమునకు లోలకమెట్టిదో, చేతి గడియారమునకు ఈ చక్రమట్టిది. హాలెండు దేశపు శాస్త్రజ్ఞుడగు క్రిస్టియాన్ హైగెన్స్ 1656లో లోలకపు గడియారమును, 1675లో ఈ సన్నని స్ప్రింగుతో నడచు గడియారమును నిర్మింపజేసెను. మన విద్యార్థులు పాఠములలో చదువు సరళ హరాత్మక చలనమునకు అరచేతిలో నిమిడిన ఉదాహరణము ఇంతకంటె మరియొకటి లేదు.

పాత గడియారముల డయలుపై ‘17 జ్యూయెల్స్’ అని వ్రాసియుండుట కొందరు చూచియుందురు. చక్రముల ఇరుసులు అరిగిపోకుండుటకై వానిని కెంపులలో తొలిచిన రంధ్రములలో నిలుపుదురు. ఇనుముపై ఇనుము రాచుకొనినచో తొందరగ అరుగును. కెంపుపై నూనెతో తిరిగినచో పెక్కేండ్లు నిలుచును. ఈ కెంపులు నగలలో పొదుగు విలువగలవి కావు. 1902లో ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు ఆగస్ట్ వెర్నయి కృత్రిమముగ కెంపులు చేయు పద్ధతిని ప్రకటించిన పిదప అవి చౌకగ లభింపసాగెను. కావున ‘జ్యూయెల్స్’ అను మాట చూచి, లోపల రత్నములున్నవని గడియారమును చెడగొట్టుకొనరాదు.

వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటు మన ఊరివారికి మరియొక సంగతి ఆసక్తికరముగ నుండును. ఉక్కు వేడెక్కినపుడు దాని స్థితిస్థాపకత తగ్గును. అందువలన పూర్వము గడియారములు ఎండలో నెమ్మదిగను, చలిలో వడిగను నడచెడివి. ఈ లోపమును పోగొట్టుటకు స్విట్జర్లాండులో పుట్టిన చార్లెస్ ఎడ్వర్డ్ గియోమ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు ఉక్కు, నికెల్ మున్నగువానిని కలిపి, వేడికి మార్పు చెందని మిశ్రమలోహములను కనుగొనెను. అందులకు 1920లో ఆయనకు భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. మన తాతగారి చేతిపై నుండిన చిన్న యంత్రములో ఒక నోబెల్ బహుమానపు ఫలితము సైతము ఉన్నదని దీనివలన గ్రహింపవచ్చును.

విలువకు మూడు మూలములు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. సేకర్తలు గడియారమునందు చూచునవి ముఖ్యముగ మూడు.

మొదటిది పనితనము. గొప్ప గడియారములలో మూత తీసినగాని కనబడని భాగములను సైతము చేతితో నునుపు చేసి, అంచులు తీర్చి, గీతలు దిద్దుదురు. రామప్ప గుడిని కట్టిన శిల్పులును, వైనగంగ యొడ్డున మార్కండ దేవాలయములను చెక్కిన శిల్పులును చూపరుల కన్ను సులభముగ సోకని మూలలను విడువలేదు. ఇదియు అట్టి శ్రద్ధయే. 1801లో పారిసు నగరమున అబ్రహాం లూయీ బ్రెగే హక్కుపత్రము పొందిన ‘టూర్బియాన్’ అను అమరిక, భూమ్యాకర్షణమువలన కలుగు తేడాను సవరించుటకై బాలెన్స్ చక్రమునే ఒక పంజరములో నుంచి త్రిప్పును. ఇట్టివి చేయుటకు నిపుణులైన పనివారికి నెలల తరబడి కాలము పట్టును.

రెండవది సహజరూపము. గడియారము కర్మాగారమునుండి వెలువడినపుడు ఏ డయలు, ఏ ముండ్లు, ఏ యంత్రము ఉండెనో అవియే ఇప్పుడును ఉండవలెను. గీతలు పడినను, రంగు వెలసినను దోషము లేదు. భాగములు మారిననే దోషము.

మూడవది చరిత్ర. అది ఎవరిది, ఎవరి చేతిపై ఏ యే దినములు చూచినది అనునది. దీనికి మన పొరుగు జిల్లాయగు వార్ధాయే సాక్ష్యము చెప్పును. 1936నుండి గాంధీమహాత్ముడు సేవాగ్రామమున నివసించిన కాలమున ఆయన నడుమున జేబు గడియారము వ్రేలాడుచుండుట పాత ఛాయాచిత్రములలో చూడవచ్చును. ప్రార్థనకు ఒక్క నిమిషము ఆలస్యమైనను ఆయన బాధపడెడివారు. ఆయన వాడిన జెనిత్ జేబు గడియారము, కండ్లజోడు, చెప్పులు, గిన్నె, పళ్ళెము కలిపి 2009 మార్చిలో న్యూయార్కులో 18 లక్షల డాలర్లకు వేలములో పోయెను. ఆ వస్తువులలో బంగారము, వజ్రము ఏదియు లేదు. మనిషి విలువ వస్తువునకు వచ్చినది.

ఈ మూడు మూలములలో మొదటిది ధనముతో కొనవలసినది. రెండవదియు మూడవదియు సామాన్యుని యింట కూడ ఉండగలవు. ఈ అభిరుచి కోటీశ్వరులకే చెందినదను తలంపు పొరపాటని మొదట చెప్పుటకు కారణమిదియే.

మన నేలమీది సేకర్త, మన దేశపు గడియారము

తెలుగునేలపై సేకర్తయనగానే మొదట స్మరింపవలసినవాడు హైదరాబాదు సంస్థానమున దివానుగా పనిచేసిన మీర్ యూసుఫ్ అలీ ఖాన్, మూడవ సాలార్ జంగు. ఆయన 1889లో జన్మించి 1949లో మరణించెను. ఆయన కూర్చిన వస్తువులతో 1951 డిసెంబరులో ప్రారంభమైన సాలార్ జంగు ప్రదర్శనశాలలో దేశదేశముల గడియారములున్నవి. అందు కుక్ అండ్ కెల్వీ వారి సంగీత గడియారము ప్రసిద్ధము. గంట కొట్టు వేళకు ఒక చిన్న మనిషిబొమ్మ వెలుపలికి వచ్చి, గంట కొట్టి, లోనికి పోవును. ఆ దృశ్యమునకై జనులు బల్లలపై కూర్చుండి వేచియుందురు. మన చంద్రపూరునుండి హైదరాబాదునకు చుట్టపుచూపుగ పోయిన పిల్లలలో పెక్కుమంది దానిని చూచియుందురు. అచట కూర్చున్నవారిలో ఎవరును దాని ధర అడుగరు. అది నడచుటయే వారికి కావలెను. సేకర్త చేయవలసిన పని ఇందులో స్పష్టముగ కనబడుచున్నది: యంత్రమును నడుచునట్లుంచుట, నలుగురకు చూపుట.

ఇక సామాన్యుని గడియారము కథ వేరు. స్వాతంత్ర్యమునకు ముందు మన దేశమున అమ్ముడుపోయినవి ఎక్కువగ విదేశపు గడియారములే. ఫావ్ర్ లూబా సంస్థ 1865లోనే బొంబాయి విపణికి వచ్చెను. వెస్ట్ ఎండ్ సంస్థ గడియారములు సైనికులలోను, ఉద్యోగులలోను వ్యాపించెను. స్వాతంత్ర్యానంతరము దిగుమతులపై ఆంక్షలు గట్టిపడెను. అపుడు బెంగుళూరులోని హిందూస్థాన్ మెషిన్ టూల్స్, అనగా హెచ్.ఎం.టి. సంస్థ, జపానుకు చెందిన సిటిజెన్ సంస్థ సహకారముతో 1961లో చేతి గడియారముల తయారీకి పూనుకొనెను. తొలి గడియారములను ప్రధానమంత్రి నెహ్రూ విడుదల చేసిరి. జనతా, పైలట్, సోనా, కోహినూర్, జవాన్, కాంచన్ మున్నగు పేర్లతో వెలువడిన ఈ గడియారములు దేశము నలుమూలలకు పోయెను. పెండ్లిలో అల్లునకు, పరీక్షలో నెగ్గిన కుమారునకు, పదవీవిరమణ దినమున ఉద్యోగికి ఇచ్చు కానుక హెచ్.ఎం.టి. గడియారమే అయ్యెను. జనతా గడియారములోని 17 జ్యూయెల్స్ యంత్రము సెకనునకు 5 టిక్కుల లెక్కన నడచును. అనగా దినమునకు 4,32,000 టిక్కులు. ఏడాదికి 15 కోట్ల 76 లక్షలకు పైగా. తెలుగువారి రాజధానిలోని హైదరాబాదు ఆల్విన్ సంస్థయు 1980లలో సీకో సహకారముతో చేతి గడియారములను చేసెను.

ఆల్విన్ గడియారములు నేడు లేవు. హెచ్.ఎం.టి. వారి గడియారముల సంస్థను మూసివేయుటకు కేంద్ర ప్రభుత్వము 2016లో నిర్ణయించెను. మూతపడునను వార్త 2014లో పొక్కిన వెంటనే జనులు ఆ గడియారములకై ఎగబడిరి. చేతికందునంత కాలము పట్టని వస్తువు, చేజారునని తెలిసినపుడే మనకు ముద్దు వచ్చును.

నేను చేసిన పొరపాటు

ఇచట నా యింటి సంగతి యొకటి చెప్పక తప్పదు. నా తండ్రిగారు గనిలో పనిచేసిరి. ముప్పది యేండ్లు వారి చేతిపై ఒక జనతా గడియారముండెను. డయలుపై నాలుగవ అంకె ప్రక్కన చెమట దిగి ఏర్పడిన గోధుమరంగు మచ్చ యొకటి ఉండెడిది. చిన్ననాడు వారి ఒడిలో కూర్చుండి నేను గంటలు చదువుట నేర్చుకొనినది ఆ డయలుపైననే. వారు పోయిన కొన్నేండ్లకు గడియారము నిలిచెను. ఒక దుకాణమున దానినిచ్చి, “క్రొత్తదానివలె చేయుడు” అంటిని. అతడు నేను కోరినట్లే చేసెను. డయలును గీకి నీలిరంగు పూసి, అక్షరములను మరల అచ్చువేయించెను, ముండ్లు మార్చెను, లోపలి యంత్రమునందును వేరు గడియారముల భాగములు కూర్చెను. గడియారము మిలమిల మెరయుచు నడచెను. నేను సంతసించి అమ్మ చేతిలో పెట్టితిని. ఆమె దానిని త్రిప్పి త్రిప్పి చూచి, “ఇది మీ నాయనది గాదు బిడ్డా” అని తిరిగి యిచ్చెను.

ఆ దుకాణదారుని తప్పు పట్టుటకు లేదు. మచ్చను పోగొట్టుమని అడిగినది నేనే. పాత డయలుపై మరల రంగు పూయుటను సేకర్తలు గొప్ప అపచారముగ నెంచుటకు కారణము నాకాదినమున తెలిసినది. నేడు విపణిలో పాత హెచ్.ఎం.టి. గడియారములని అమ్మబడు వానిలో ఇట్లు రంగు పూసినవి, రెండు మూడు గడియారముల భాగములు కలిపి కట్టినవి విస్తారముగ కలవు. ఆనాడు కర్మాగారము ఎన్నడును వేయని ఎరుపు, పచ్చ డయళ్ళను చూచి మోసపోవువారు పెక్కుమంది. నడచు గడియారము వేరు, నిజమైన గడియారము వేరు.

క్రొత్తవారికి కొన్ని సూచనలు

ఈ అభిరుచిని అలవరచుకొనగోరు విద్యార్థులును, పెద్దలును ఈ క్రింది విషయములను గమనించుట మంచిది.

కొనుటకు ముందు నేర్చుకొనవలెను. మొదట తమ యింటనున్న గడియారమునే పరిశీలింపవలెను. డయలుపై అక్షరములు భూతద్దముతో చదువవలెను. అచ్చు అంచులు స్పష్టముగ నున్నవా, అలుకుకొనిపోయినట్లున్నవా చూడవలెను. సంస్థ ఏది, కీ త్రిప్పునదా లేక చేతి కదలికతో తనంతట స్ప్రింగు చుట్టుకొను ఆటోమేటిక్ రకమా, జ్యూయెల్స్ ఎన్ని అనునవి ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. వెనుక మూతను ఇంటిలో కత్తితో తెరువరాదు. తెలిసిన మెకానిక్ చేతనే తెరిపించి చూడవలెను.

కీ ప్రతిదినము ఒకే వేళకు ఇచ్చుట మేలు. పూర్తిగ కీ యిచ్చిన గడియారము సామాన్యముగ ఒకటిన్నర దినము నడచును. కీ బిగిసినట్లు తోచగానే ఆపవలెను, బలవంతముగ త్రిప్పరాదు. తేదీ చూపు గడియారములలో రాత్రి తొమ్మిది గంటలకును, తెల్లవారుజాము మూడు గంటలకును నడుమ తేదీని చేతితో మార్చరాదు. ఆ వేళ లోపలి చక్రములు తేదీని మార్చు పనిలో నుండును. పండ్లు విరుగు ప్రమాదము కలదు.

గడియారము ఎంత సరిగ నడచుచున్నదో కొలుచుట మంచి ఆట. ఈ ఉదయము ఎనిమిది గంటలకు ఫోనులోని కాలముతో సరిచేసి, మరునాడు అదే వేళకు తేడా వ్రాసికొనవలెను. దినమునకు 86,400 సెకండ్లు కదా! పది సెకండ్ల తేడా వచ్చినచో తప్పు 8,640లో ఒక వంతు మాత్రమే. అరవై ఏండ్ల నాటి యంత్రము ఇంత సూక్ష్మముగ నడచుట చూచినపుడు కలుగు ఆశ్చర్యమే ఈ అభిరుచికి బీజము.

ఎండలోను, వేడెక్కిన మోటారు వాహనములోను గడియారమును విడువరాదు, నూనె చెడును. స్పీకర్లు, అయస్కాంతము గల ఫోను కవర్లు మున్నగువాని దాపున ఉంచరాదు. సన్నని స్ప్రింగు అయస్కాంతత్వము పొంది గడియారము అతివేగముగ నడచును. పాత గడియారము మూతపై ‘వాటర్‌ప్రూఫ్’ అని యున్నను నీటిలో తడుపరాదు. లోపలి రబ్బరు ఎండిపోయి యుండును. నాలుగైదేండ్ల కొకమారు విప్పి శుభ్రపరచి క్రొత్త నూనె వేయించవలెను.

మరియొక ముఖ్యమైన హెచ్చరిక. 1960లకు ముందటి కొన్ని గడియారములలో చీకటిలో మెరయుటకై అంకెలపై రేడియం కలిపిన రంగు పూసిరి. 1920లలో అమెరికాలో ఈ రంగు పూయు పని చేసిన యువతులు పెక్కుమంది రోగగ్రస్తులై మరణించిరి. ఇప్పుడా అంకెలు మెరయకున్నను రేడియం పోలేదు. దాని అర్ధజీవితకాలము సుమారు 1,600 సంవత్సరములు. కావున అట్టి డయలును గీకుట, ఆ పొడిని పీల్చుట ఎన్నడును చేయరాదు. అట్టి గడియారము మూత తెరువకుండ నుంచుట క్షేమము.

తుదకు ధనము మాట. గడియారములు కొనియుంచినచో ధర పెరిగి లాభము వచ్చునని ఆశపెట్టువారున్నారు. 2022 ఆరంభమున ఆకాశమునంటిన కొన్ని ప్రసిద్ధ గడియారముల మారుబేరపు ధరలు ఆ తరువాత బాగుగ పడిపోయెను. అప్పు చేసి కొన్నవారు చేతులు కాల్చుకొనిరి. అభిరుచికై వెచ్చించు ధనము, పోయినను ఇల్లు కుంగనంతగ నుండవలెను. రశీదు లేని విలువైన గడియారము చౌకగ వచ్చినచో, అది ఎవరి యింటనుండి పోయినదో యని మొదట శంకింపవలెను.

మన కర్తవ్యము

సేకరణమనగా నూరు గడియారములు కొని పెట్టెలో పేర్చుట కాదు. ఒక్క గడియారమైనను దాని కథతో సహా నిలుపుట సేకరణమే. మన పెద్దలలో ఈ ప్రాంతమునకు మొదట వచ్చిన తరమువారు క్రమముగ తరలిపోవుచున్నారు. వారు ఏ సంవత్సరమున వచ్చిరి, ఏ గనిలో చేరిరి, మొదటి జీతముతో ఏమి కొనిరి అను సంగతులు ఏ పుస్తకమునను లేవు. కాని బీరువా అడుగున నున్న గడియారమును చేతిలో పెట్టి అడిగినచో, ఆ సంగతులన్నియు వారి నోట తామే వెడలును. నేను నా తండ్రిగారిని అడుగవలసినవి అడుగలేదు. గడియారమును మాత్రము మెరయించితిని.

కావున విద్యార్థులారా! ఈ సెలవులలో మీ యింటనున్న పాత గడియారమును వెలికి తీయుడు. దానిని కడుగకుడు, గీకకుడు, రంగు పూయింపకుడు. మీ తాతగారినో, నాయనమ్మనో ప్రక్కన కూర్చుండబెట్టుకొని, అది ఎవరు కొనిరి, ఎపుడు, ఎచట, ఎవరి చేతిపై నెన్నాళ్ళుండెను అని అడిగి, ఒక కాగితముపై తెలుగులో వ్రాసి, ఆ గడియారముతోపాటు దాచుడు. ఆ మీదట మెకానిక్ కడకు పోయి, “శుభ్రపరచి నూనె వేయుడు, డయలు ముట్టకుడు” అని స్పష్టముగ చెప్పుడు. పాత యంత్రముల మర్మమెరిగిన ముసలి మెకానిక్కులు నేడు ప్రతి పట్టణమునందును తగ్గిపోవుచున్నారు. వారి బల్లకడ కొంతసేపు నిలిచి పని చూచినచో, అదియు ఒక చదువే.

నా తండ్రిగారి గడియారము ముప్పది యేండ్లలో సుమారు 473 కోట్ల టిక్కులు కొట్టియుండును. ఆ మచ్చ గల డయలు మరల రాదు. ఆ కేసు, వెనుక మూత మాత్రము వారివే. ప్రతి ఉదయము ఆ గడియారమునకు కీ ఇచ్చుచున్నాను. మీ యింటి గడియారమునందు ఇంకను అన్నియు మిగిలియున్నవి, వానిని మిగిలియుండనిండు.